పసుపు దీపం వెలిగాక

సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆర్డిత్ సైజ్‌మోర్ వంటింటి బల్ల మీద నోటుపుస్తకం తెరిచి పెట్టుకుంది. మొదటి వాక్యం పడకుండానే రెండో కప్పు కాఫీ అయిపోయింది. ముప్ఫై మూడేళ్లుగా ఆమె సోమవారాలు ఇలాగే మొదలవుతున్నాయి. హాలర్ కౌంటీ వారపత్రికలో ఆరో పేజీ ఆమెది. కోల్డ్ బ్రాంచ్ ట్రాక్ మీద ఆ వారం ఎవరు గెలిచారు, ఎవరి కారు గోడకు కొట్టుకుంది, వచ్చే శనివారం ఎవరెవరు దిగుతున్నారు, అన్నీ రాసి సాయంత్రం ఐదింటికల్లా సంపాదకుడు పెట్టిగ్రూకి అందజేయాలి. బుధవారం పత్రిక వస్తుంది. గురువారం మంగలిషాపులో కూర్చున్నవాళ్లు అది చదివి, ఆమెకు రేసుల గురించి ఏమీ తెలియదని తేల్చేస్తారు.

ఈసారి వారాంతం మరీ సాగింది. శుక్రవారం ప్రాక్టీసు. శనివారం కార్లు వరసలో నిలబడ్డాక కుండపోతగా వాన, రేసు వాయిదా. ఆదివారం చర్చి కూడా మానుకుని, మధ్యాహ్నపుటెండలో స్టాండు మీదున్న విలేకరుల రేకుల గది ఎక్కి కూర్చుంటే, రేసు సాయంత్రానికి గాని తేలలేదు. అరవై ఒకటో ఏట ఆ ఇనప మెట్లు ఎక్కి దిగడంతో ఆమె పాదాలు వాచిపోయి, పొద్దున చెప్పులు పట్టలేదు.

అలసట ఒక్కటే అయితే రాసి పడేసేది. అలసటతో రాయడం ఆమెకు కొత్త కాదు. చెయ్యి ఆడనిది హోయ్ట్ కేగిల్ గురించి.

నూట పాతిక చుట్ల రేసు అది. ఇంకో ఆరు చుట్లు ఉన్నాయనగా నాలుగో మలుపులో డారా లన్స్‌ఫర్డ్ ఆకుపచ్చ కారు గిరగిరా తిరిగి అడ్డంగా ఆగిపోయింది. ట్రాక్ చుట్టూ జాగ్రత్త చెప్పే పసుపు దీపాలు వెలిగాయి. వెనక వస్తున్న కార్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేగం తగ్గించి, ఆమెను తప్పించుకుని పక్కగా పోయాయి. ఒక్క నలభై ఏడో నంబరు కారు తగ్గలేదు. నేరుగా వచ్చి డారా కూర్చున్న వైపు తలుపును గుద్దింది. అది హోయ్ట్ కారు.

డారా తనంతట తానే కిటికీలోంచి బయటికొచ్చింది గాని, మణికట్టు విరిగింది. హోయ్ట్ హెల్మెట్ తీసి అందరికీ ఒకటే మాట చెప్పాడు: "యాక్సిలరేటర్ ఇరుక్కుపోయింది. కాలు తీసినా కారు ఆగలేదు." అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? అరవై నాలుగేళ్ల మనిషి, నలభై ఒక్క ఏళ్లుగా ఆ ట్రాక్ మీద నడుపుతున్నవాడు, మూడుసార్లు అక్కడ ఛాంపియన్.

ఆర్డిత్ నమ్మలేదు. ఆమె కళ్లతో చూసిందానికన్నా చెవులతో విన్నది ఎక్కువ. యాక్సిలరేటర్ ఇరుక్కుంటే ఇంజను గుద్దుకున్నాక కూడా గొంతు చించుకుని అరుస్తూనే ఉంటుంది. ఆ అరుపు ఆమె ఇన్నేళ్లలో నాలుగైదుసార్లు విన్నది. నిన్న నలభై ఏడు ఇంజను గుద్దుకోబోయే ముందు, ఒక్క రెప్పపాటు ముందు, ఠక్కున తగ్గింది. అంటే హోయ్ట్ కాలు తీశాడు. తీయగానే యాక్సిలరేటర్ మాట విన్నది. ఎదురుగా ఉన్న కారు అతనికి అప్పుడే కనబడింది.

ఆమె ముందు డారాకు ఫోన్ చేసింది. ఎలా ఉందో కనుక్కుని రాయడం ఎలాగూ ఆమె పనే.

"చెయ్యి ఆరు వారాలు కదపకూడదట, మిస్ ఆర్డిత్," అంది డారా. ఇరవై నాలుగేళ్లది, పగలు కోళ్లఫారంలో లారీ నడుపుతుంది. "కారు మాత్రం ఆరు వారాల్లో అయ్యేది కాదు. చాసిస్ వంగిపోయింది."

"వచ్చే శనివారం రెండు వందల చుట్ల రేసుకి నీ పేరు ఉంది. తీసేయమంటావా?"

"తీసేయండి. హోయ్ట్ పేరు ఉంచారా?"

"ట్రాక్ వాళ్లు పంపిన జాబితాలో ఉంది."

డారా గొంతు పెంచింది: "ఆయన మొహం నాకు కనబడింది. నా వైపే వస్తున్నాడు గాని నన్ను చూడట్లేదు. రోడ్డు ఖాళీగా ఉన్నట్టు వస్తున్నాడు. మార్చిలో ఆయన కారు గోడకు ఒరుసుకున్నప్పుడు మీరు ఏం రాశారో గుర్తుందా?"

"ఏం రాశాను?"

"దురదృష్టం అని రాశారు. మేలో ఆయన ఇంకో డ్రైవరు బిల్లీ కారును వెనకనుంచి గుద్దినప్పుడూ దురదృష్టమే. ఇప్పుడు నా చెయ్యి కూడా ఆయన దురదృష్టమేనా? పైనుంచి ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నారు కదండీ, మీకు ఇంకేమీ కనబళ్లేదా?"

ఆర్డిత్‌కు కోపం వచ్చింది. ఫోన్ పెట్టేశాక, ఆ కోపం డారా మీద కాదని తెలిసింది. మార్చిలో ఆమెకు అనుమానం వచ్చింది. మేలో ఆ అనుమానం బలపడింది. హోయ్ట్ తమ ఇంటికి భోజనానికి వచ్చే మనిషి. ఆ మాట ఎవరు రాస్తారని వదిలేసింది. దురదృష్టం అని రాస్తే ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు.

మధ్యాహ్నం వెర్లన్ తోటలోంచి నాలుగు టమాటాలు కోసుకొచ్చి, కడిగి, బ్రెడ్డు మీద మయొనీస్ రాసి శాండ్‌విచ్‌లు చేశాడు. వెర్లన్ ఆమె భర్త. ఇరవై ఏళ్ల పాటు ప్రతి శనివారం స్టాండు కప్పు మీద నిలబడి, "ఎడమపక్క కారుంది, ఉండు, ఉండు, ఇప్పుడు పో" అంటూ రేడియోలో హోయ్ట్ చెవిలో చెప్పింది అతనే. ఈ ఏడు సీజను మొదట్లో మోకాళ్ల నొప్పులని మానేసి, ఇప్పుడు జనంతో పాటు కింద కూర్చుని చూస్తున్నాడు. హోయ్ట్ ఇంకొకర్ని పెట్టుకోలేదు.

"నిన్న నలభై ఏడు ఇంజను విన్నావా?" అని అడిగింది ఆర్డిత్.

వెర్లన్ శాండ్‌విచ్ కొరికి చాలాసేపు నమిలాడు. "విన్నాను."

"ఇరుక్కోలేదు."

"లేదు."

"నీకు తెలుసా?"

అతను శాండ్‌విచ్ కింద పెట్టేశాడు. "ఎడమ కన్ను ఆర్డీ. రెండేళ్లు దాటింది. పక్కనుంచి తెర దించినట్టు ఉంటుందట. ఈ ట్రాక్‌లో మలుపులన్నీ ఎడమకే కదా. రెండేళ్లు వాడు నా నోటితో కారు నడిపాడు. నేను చెబితే తిప్పేవాడు, చెప్పకపోతే లేదు."

"మరి మోకాళ్లన్నావు!"

"మోకాళ్లు కూడా నొప్పే. నేను దిగిపోతే వాడూ దిగిపోతాడనుకున్నా. ఆ మాట మొహం మీద చెప్పే ధైర్యం లేక దిగిపోయా. వాడు దిగలేదు. గుడ్డివాడి చేతిలో కర్ర లాక్కున్నట్టయింది నేను చేసిన పని."

భర్తను తిట్టాలంటే ఆర్డిత్ ముందు తనను తాను తిట్టుకోవాలి, అంత ఓపిక ఆ పూట లేదు. చెప్పులు పట్టక వెర్లన్ పాత బూట్లు వేసుకుని, ట్రక్కు తాళాలు తీసుకుంది.

హోయ్ట్ షెడ్డు ఊరి చివర, కలప మిల్లు దాటాక. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నలభై ఏడో నంబరు కారు ముందు భాగం విప్పేసి ఉంది. హోయ్ట్ నేల మీద కూర్చుని, వంగిన రేకును చిన్న సుత్తితో సరిచేస్తున్నాడు. రెండు దెబ్బలు కొట్టి, అరచేత్తో తడిమి, మళ్లీ కొడుతున్నాడు. ఆమె ఎడమవైపు నుంచి లోపలికి నడిచి, అతని భుజం పక్కకొచ్చి నిలబడింది. అతను తల ఎత్తలేదు.

"హోయ్ట్," అంది.

అతను ఉలిక్కిపడి సుత్తి జారవిడిచాడు. "పిల్లిలా వచ్చావేంటమ్మా! చప్పుడు చెయ్యకూడదూ?"

"వెర్లన్ బూట్లు వేసుకుని ఈడ్చుకుంటూ వచ్చాను. చప్పుడు కాకేం?"

అతను నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆర్డిత్ టైరు మీద కూర్చుంది.

"రాయడానికి వచ్చావా? రాసుకో. యాక్సిలరేటర్ స్ప్రింగు విరిగింది. కొత్తది వేశాను. శనివారం రెండు వందల చుట్లూ నడుపుతా."

"ఇంజను విన్నాను హోయ్ట్. వెర్లన్ కూడా విన్నాడు. నువ్వు కాలు తీయగానే తగ్గింది."

హోయ్ట్ రేకును అటూ ఇటూ తిప్పాడు. "వాడు చెప్పాడా?"

"నేను అడిగితే చెప్పాడు."

"ఇంక అయిదే రేసులు ఉన్నాయి. అవి కానిచ్చి నేనే మానేద్దామనుకున్నా. అయిదు రేసులు ఓపిక పట్టలేవా నువ్వు? ముప్ఫై మూడేళ్లు పట్టావు కదా."

"ఆ పిల్ల తలుపు రేకు ఇంకో జానెడు లోపలికి పోయుంటే?"

బయట మిల్లులో రంపం పెద్దగా అరిచి ఆగింది.

"నిన్న రాత్రంతా అదే కనబడింది," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఖాళీ రోడ్డు. ఖాళీ రోడ్డే ఆర్డిత్, ఒట్టు. ఉన్నట్టుండి మొహం ముందు ఆకుపచ్చ రంగు. అప్పటికే అయిపోయింది." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "పసుపు దీపం వెలిగిందని ట్రాక్ వాళ్లు రేడియోలో చెప్పారు. వినబడింది కూడా. ఎక్కడో వెనకాల అనుకున్నా. ముందర నాకేమీ లేదు మరి."

"డారాకి చెప్పు ఈ మాట. ఐదింటికి నేను పేజీ పంపాలి. నువ్వు చెప్పినా, చెప్పకపోయినా, నేను విన్నది రాస్తాను. కానీ ఆ పిల్ల పత్రికలో చదివి తెలుసుకోకూడదు."

"బెదిరిస్తున్నావా?"

"నాకంత ఓపిక లేదు హోయ్ట్. పాదాలు చూడు, ఎలా ఉన్నాయో."

అతను ఆమె కాళ్ల వైపు చూడటానికి తల పూర్తిగా ఎడమకు తిప్పాల్సి వచ్చింది. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. ఆర్డిత్ లేచి వచ్చేసింది. వాకిట్లో ట్రక్కు ఎక్కుతుంటే సుత్తి చప్పుడు వినబడుతుందేమోనని ఆగింది. వినబడలేదు.

ఇంటికొచ్చి నాలుగింటిదాకా రాసింది. గెలిచినవాడి పేరు, చుట్ల లెక్క, వాన సంగతి మామూలుగానే వచ్చేశాయి. తర్వాత నలభై ఏడు గురించి ఆరు వాక్యాలు రాసింది. ఇంజను గుద్దుకోకముందే తగ్గిందని, అది తాను విన్నానని రాసింది. మార్చిలో, మేలో దురదృష్టమని రాసింది తప్పని, అప్పుడే అడగాల్సింది అడగలేదని రాసింది. కంటి మాట రాయలేదు. అది హోయ్ట్ చెప్పుకోవాల్సిన మాట. వచ్చే శనివారపు జాబితాలో నలభై ఏడు ఉంచాలా, తీయాలా అనే దగ్గర కలం ఆగింది.

నాలుగున్నరకు డారా ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంది.

"ఆయన వచ్చాడు. మా నాన్న తుపాకీ తీస్తాడేమోనని భయపడ్డా. ఆయన వరండాలో నిలబడి మొత్తం చెప్పాడు. కూర్చోమంటే కూర్చోలేదు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతుంటే ఏడుపొచ్చింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయనే నన్ను రేసు కార్లో మొదటిసారి కూర్చోబెట్టాడు తెలుసా? క్షమించానని చెప్పలేదు. చెప్పను కూడా. తన పేరు జాబితాలోంచి తీసేయమన్నాడు, మీకు చెప్పమన్నాడు. తనే చెప్పొచ్చు కదా అంటే, మీకు కాళ్లనొప్పి, విసిగించొద్దన్నాడు."

ఆర్డిత్ జాబితాలో రెండు పేర్లు కొట్టేసింది. ఇరవై రెండు కార్లు కాస్తా ఇరవై అయ్యాయి. పెట్టిగ్రూ ఫోన్‌లో మొత్తం విని, "ఇది వేస్తే సగం కౌంటీ మనతో మాట్లాడదు," అన్నాడు. "మిగతా సగం చాల్లే," అని ఆమె పెట్టేసింది.

పెట్టిగ్రూ చెప్పినట్టే జరిగింది. మంగలిషాపులో ఆమెను నమ్మకద్రోహి అన్నారు. చర్చిలో ఇద్దరు ముసలాళ్లు బెంచీ మారి కూర్చున్నారు. ట్రాక్ యజమాని మాత్రం వచ్చే సీజను నుంచి యాభై దాటిన ప్రతివాడూ కంటి పరీక్ష కాగితం తేవాలని, పైనుంచి చూసి చెప్పే మనిషి లేకుండా ఎవరూ దిగకూడదని గేటు దగ్గర బోర్డు పెట్టాడు. శనివారం రెండు వందల చుట్లూ ఏ గొడవా లేకుండా గడిచాయి. హోయ్ట్ రాలేదు. వెర్లన్ కూడా వెళ్లలేదు, హోయ్ట్ షెడ్డుకి వెళ్లి కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారని ఆర్డిత్ అడిగితే, "మొదటి గంట ఏమీ లేదు," అన్నాడు.

ఆ తర్వాతి సోమవారం షార్లెట్ పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి హోయ్ట్‌ను వెర్లన్ తీసుకెళ్లాడు. ఆర్డిత్ వాళ్ల వాకిట్లో ట్రక్కు ఎక్కేటప్పుడు హోయ్ట్ అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దగ్గరికి నడిచి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, చుట్టూ తిరిగి అవతలి వైపు ఎక్కాడు. ట్రక్కు వెనక్కి కదలకముందే అతని గొంతు లేచింది.

"ఇలా నడిపావంటే కన్ను కంటే ముందు ఆయుష్షు అయిపోతుందిరా! తొక్కు!"

"నోరు మూసుకుని బెల్టు పెట్టుకో," అన్నాడు వెర్లన్.

వరండాలో నిలబడి ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆర్డిత్ లోపలికొచ్చింది. పాదాల వాపు కాస్త తగ్గింది, పూర్తిగా తగ్గలేదు. ఐదింటికి ఇంకా చాలా టైముంది. కాఫీ పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, పది నిమిషాలు ఏమీ రాయకుండా కళ్లు మూసుకుంది. తర్వాత శనివారం ఎవరు గెలిచారో రాయడం మొదలుపెట్టింది.