మింగేసిన ఖాళీ

టకటకమ్మ పాత పళ్ల బ్రష్షును కిరసనాయిల్లో ముంచి, ఆరో టైపు మిషను అచ్చుల్లో పేరుకున్న మసిని తోముతోంది. తల దువ్వుకోవడం మరిచిపోయి ఆఫీసుకు వెళ్లిన రోజులున్నాయి గానీ, ఈ మిషన్లను తుడవని రోజు లేదు. ఎవరో పారేసినవీ, తూకానికి అమ్మేసినవీ ఏరుకొచ్చి రెండు గదుల ఇంట్లో పేర్చుకుంది. మంచం పట్టిన అన్నయ్యకు గాలాడే చోటైనా మిగల్చవా అని కింది వాటావాళ్లు చెవినిల్లు కట్టుకుని పోరినా వినిపించుకోలేదు.

అన్నయ్య ఒకప్పుడు టైపు నేర్పే మాస్టారు. అక్షరం మీట టక్కుమంటుంది, పదాల మధ్య కొట్టే ఖాళీ మీట దబ్బుమంటుంది. ఆ దబ్బు వినపడకపోతే చాలు, కాగితం చూడకుండానే "ఖాళీ మింగావే" అనేవాడు. చెల్లెలని జాలేమీ లేదు. సాయంత్రాలు ఆమె టైపు కొట్టడం, ఆయన కళ్లు మూసుకుని తప్పులు పట్టడం, ఇద్దరికీ అంతకు మించిన సంబరం లేదు. నాలుగు రోజులుగా మాత్రం ఆమె ఎన్ని మింగినా ఆయన పలకడం లేదు. ఇక ఇంటికి తీసుకెళ్లమని డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆమె ఇంత భయపడలేదు.

ఆఫీసులో రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని సెలవు చీటీలు ఎక్కించింది. అంత గట్టిగా కొడితే మీటలు ఊడిపోతాయని పక్క సీటాయన వేళాకోళమాడాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆఫీసు వదిలే వేళకు పాత సామాన్ల కొట్టాయన ఫోను చేశాడు. ఎన్నేళ్లుగానో ఆమె వెతికిస్తున్న మిషను దొరికిందట, పక్కన తెల్లరంగుతో మూడు అంకె కూడా ఉందట. ఇన్‌స్టిట్యూటు మూసేసినప్పుడు అన్నయ్య అమ్ముకున్న మిషను అది. దాని చప్పుడు వింటే ఆయన మళ్లీ పలుకుతాడని ఆమె ఆశ. కొట్టుకు వెళ్లి దాన్ని తెచ్చుకుని, ఇంటి మెట్లెక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

బల్ల మీద పెట్టి, కాగితం ఎక్కించి, ఒక వరుస కొట్టింది. అన్నయ్య కళ్లు తెరవలేదు.

"మూడో నెంబరు," అన్నాడు. "'య' ఇంకా కుంటుతోంది. ఎక్కడ పట్టావే?"

ఆమెకు ప్రాణం లేచివచ్చింది. కొట్టుకు వెళ్లిన సంగతంతా చెప్పింది. ఆయన కొట్టమన్నట్టు వేలు ఆడించాడు. ఆమె కొడుతూ, కావాలనే ఒక ఖాళీ వదిలేసింది.

"మింగావు."

ఆ మాటకు చిన్నపిల్లలా మురిసిపోయింది. సగం పేజీ తప్పు లేకుండా కొట్టి, సరదాకి ఇంకోటి మింగింది. మంచం వైపు నుంచి మాట రాలేదు. కునుకు పట్టిందేమో అనుకుని మరోటి మింగింది. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. తిట్టించుకోవాలని వరుసగా అన్నీ మింగేసింది. వరుస అయిపోవచ్చిందని మిషను గంట మోగింది.

లేచి వెళ్లి నుదుటి మీద చెయ్యి వేసింది. వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు. కాసేపటికి కింది వాటావాళ్లు వచ్చి, ఆమెను పక్క గదిలో కూర్చోబెట్టారు.

మిషనులో కాగితం అలాగే ఉండిపోయింది. దాని చివరి వరుసలో ఎక్కడా ఖాళీ లేదు: అన్నయ్యావింటున్నావాఒక్కసారితిట్టు.