రెండు కుర్చీలు, మూడు చేతులు

నేను ఒక కుర్చీని. నా కుడిచెయ్యి నా ఒక్కదానిదే కాదు, పక్క కుర్చీకి అదే ఎడమచెయ్యి. మమ్మల్ని చేసిన వడ్రంగి వీరాచారి, కలప చాలక, రెండేసి కుర్చీలకు మూడేసి చేతులు పెట్టి సరిపుచ్చాడు.

రేపల్లెలో ఒక చిన్న సినిమాహాల్లో మమ్మల్ని బిగించారు. ఆరో వరస, పక్కతలుపు దగ్గర. మనుషుల లెక్కలో మంచి సీటంటే బాల్కనీయే. ఎండాకాలం అక్కడ రేకుల వేడికి టిక్కెట్లతో విసురుకునే చప్పుడు నాకు కింద వరకూ వినిపించేది.

బట్టలు కుట్టే తిరుపతమ్మకూ, రైల్వే గేటుమాన్ భార్య ఎస్తేరుకూ ఆ భ్రమ లేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరూ హాలంతా తిరిగి, పదిచోట్ల కూర్చుని లేచారు.

"ఇక్కడ స్తంభం అడ్డవే," అంది ఎస్తేరు.

"అక్కడేమో ఫ్యాను పాటకి తాళవేస్తంది."

"ఇదిగో తిరపతా, ఇదీ చోటు! తలుపు సందులోంచి గాలొస్తంది. ముందు ఎవరి కొప్పూ అడ్డం రాదు."

మా ముందున్న కుర్చీల జంట ఎప్పుడో విరిగితే యజమాని బాగుచేయించలేదు. ఆయన బద్ధకమే మాకు పెట్టిన కిరీటం.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం మ్యాట్నీకి తిరుపతమ్మ టిక్కెట్ల వరసలో నిలబడేది. గంట కొట్టగానే ఎస్తేరు పరుగెత్తుకొచ్చి మా మీద రుమాలు వేసేది. రుమాలు పడ్డ కుర్చీ అంటే మా ఊళ్ళో రిజిస్ట్రీ అయిన పొలమే. ఆట మొదలయ్యాక నడిమి చేతిమీద రెండు మోచేతులు చోటుకోసం తోసుకునేవి.

తరవాత గేటుమాన్‌కు గుంతకల్లు బదిలీ అయింది. ఆఖరి మ్యాట్నీ అయిపోయి లైట్లు వెలిగినా ఇద్దరూ లేవలేదు. ఊడ్చేవాడు వచ్చి, "లెగండమ్మా, మళ్ళీ ఆటుంది," అనాల్సి వచ్చింది.

పై శుక్రవారం తిరుపతమ్మ ఒక్కతే వచ్చింది. రెండు టిక్కెట్లు తీసుకుంది. తను పక్క కుర్చీలో కూర్చుని, నా మీద రుమాలు వేసింది. అలా ఎన్ని శుక్రవారాలో! ఒకరోజు హాలు కిక్కిరిసింది. లుంగీ కట్టిన ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"మనిషి లేకుండా సీటేందమ్మా?"

"వస్తది."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడు. రుమాలు కనపట్టంలా?"

అయినా ఆయన కూర్చోబోయాడు. నా పలకలో ఒక చీలిక ఉంది. దానితో లుంగీ పట్టుకున్నాను. చిరిగింది. నాది తప్పంటారా? అనుకోండి. మర్నాడు ఆ చిరుగు తిరుపతమ్మే కుట్టిపెట్టింది, నవ్వు ఆపుకుంటూ.

చివరికి హాల్లోకి మెత్తని సీట్లొచ్చాయి. మమ్మల్ని పాతసామాన్ల వ్యాపారికి అప్పగించారు. అతను రంపం తెచ్చాడు. "విడివిడిగా అయితేనే ఎవరైనా కొంటారు," అన్నాడు.

తిరుపతమ్మ అప్పటికే వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"కొయ్యి. కోసి, నడిమి చెయ్యి ఎవరికిస్తావు?"

అతను మమ్మల్ని చూశాడు, రంపాన్ని చూశాడు. ఏ పక్క కోసినా ఒకటి అవిటిదవుతుంది. రంపం పక్కన పెట్టి, మమ్మల్ని జంటగానే ఆమెకు అమ్మేశాడు. మేమిద్దరం ఒకే రిక్షాలో ఆమె కుట్టుకొట్టుకు చేరాం. అక్కడా నా మీద రుమాలే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు నిలబడే ఇస్తారు.

కిందటి నెల ఎస్తేరు వచ్చింది. జుట్టంతా తెల్లబడింది, మోకాళ్ళు వాచాయి. వచ్చి రుమాలు తీసింది కానీ కూర్చోలేదు. నాలుగువైపులా చూసింది.

"ఇదేం చోటే తిరపతా? ఎండ మొహాన కొడతంది. ఇటు లాగు!"

ఇద్దరు ముసలమ్మలూ మమ్మల్ని కొట్టంతా ఈడ్చారు. మిషను పక్కన బాగాలేదు, కిటికీ కింద బాగాలేదు. గుమ్మం దగ్గర గాలి తగిలాక కూలబడ్డారు. నడిమి చేతిమీద మళ్ళీ రెండు మోచేతులు తోసుకున్నాయి.

సాయంత్రం బండికి ఆమె వెళ్ళిపోయింది. తిరుపతమ్మ రుమాలు దులిపి నా మీద వేసింది.

బండిని నేను ఆపలేను. చోటు మాత్రం వదలను. ఖాళీగా ఉంది కదా అని కూర్చోబోయేవారికి ఒక్కమాట: నా చీలిక ఇంకా అలాగే ఉంది.