ఐదుకి లేవాలి

ఆ ఫైటింగ్ గేమ్‌లో ముసుగు వీరుడికి కళ్లు కనిపించవు, ముఖమంతా రేకు తొడుగే. మేం తీస్తున్న పది నిమిషాల ఫ్యాన్ ఫిల్మ్‌లోనూ అచ్చం అలాగే ఉండాలని పట్టుబట్టాను. ఒక్క చిల్లు పెట్టినా గేమ్ ఆడేవాళ్లు ఏకిపారేస్తారని నా భయం. తొడుగు లోపల ఉన్నది మా తమ్ముడు. వారమంతా లిఫ్టులు బాగుచేస్తాడు, ఆదివారం నా మాట వింటాడు.

వాడికేమీ కనబడదు కాబట్టి నేను పక్కన నిలబడి గట్టిగా అంకెలు చెప్పేదాన్ని. నాలుగుకి వంగాలి, ఐదుకి లేవాలి. నాలుగు అనగానే, ప్రత్యర్థి వేషం వేస్తున్న మా జిమ్ మాస్టారి కాలు వాడి తల పైనుంచి పోతుంది. నెల రోజులు సాధన చేశాం. వాడి మీద గీత కూడా పడలేదు.

షూటింగ్ రోజు గేమ్ మళ్లీ చూశాను. ఆఖరి దెబ్బకు ముందు ప్రత్యర్థి ఒక్క క్షణం ఆగుతాడు. అబ్బ, మజా అంతా అక్కడే ఉంది! షూటింగ్ పెట్టుకున్న గోడౌన్‌కి వెళ్లగానే కాలు ఐదుకి లేపమని మాస్టారికి చెప్పాను. కెమెరా అతనికీ చెప్పాను. తమ్ముడికి అప్పటికే తొడుగు బిగిస్తున్నారు, ఆరుకి లేవమని తర్వాత చెబుదాంలే అనుకున్నాను. నా తలకాయ! మరిచిపోయాను.

"ఐదు" అన్నాను. వాడు ఠంచనుగా లేచాడు. మాస్టారి కాలు తగిలి తొడుగు అతుకు విడిపోయి, రేకు అంచు వాడి ఎడమ కంట్లో దిగింది. స్క్రూలు విప్పి తొడుగు తీసింది నేనే.

కన్ను పోయింది. డాక్టరు నసగకుండా చెప్పేశాడు.

ఆసుపత్రికి వచ్చిన ప్రతివాళ్లతో వాడిది ఒకటే మాట. "నేనే లెక్క తప్పాను. అక్కని ఏమీ అనకండి."

"మొద్దు వెధవా, ఐదు దాకా లెక్కపెట్టడం రాదట్రా నీకు?" అని అమ్మ ఏడ్చింది. మాస్టారు రెండుసార్లు వచ్చి, నా మొహం చూసి, నోరు మెదపకుండా వెళ్లాడు. నేను కమలాపండు ఒలుస్తూ కూర్చున్నాను. సిగ్గులేని మనిషిని.

ఎనిమిదో రోజు కట్టు మార్చాక తమ్ముడు అన్నాడు. "అంకెలు సరిగ్గానే విన్నట్టు గుర్తక్కా. ఎక్కడ పొరపడ్డానో తెలియట్లేదు."

ఇక నావల్ల కాలేదు. "నువ్వు పొరపడలేదురా. కాలు ఐదుకి మార్చింది నేనే. నీకు చెప్పలేదు."

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకి చచ్చిపోవాలనిపించింది.

"మాస్టారికి తెలుసా?" అన్నాడు వాడు.

"తెలుసు."

"కెమెరా అతనికి?"

"గోడౌన్‌లో ఉన్న అందరికీ తెలుసురా."

"అయితే ఇవాళ్టిదాకా తెలియనిది నాకొక్కడికే అన్నమాట."

వాడి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మంచినీళ్ల గ్లాసు అందించబోయాను. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని, నీళ్లిమ్మని అమ్మనడిగాడు.