జోజిబాబు నా మీద వేసిన నింద

నేను ఒక ఆట కంట్రోలర్‌ని. టీవీకి తగిలించిన ఆటపెట్టెను ఎదురుగా కూర్చుని నడిపించడానికి పనికొచ్చే వస్తువుని. రెండు చేతుల్లో ఇమిడేంత ఒళ్ళు, బొటనవేళ్ళ కింద రెండు గుబ్బలు, ముఖం మీద నాలుగు బటన్లు, చూపుడువేళ్ళు ఆనేచోట, అంటే నా భుజాల మీద, రెండు మీటలు. అందులో కుడి మీట గురించే నేను చెప్పబోయేదంతా. దానికి ఏ జబ్బూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నా మనసు కాస్త తేలికపడుతుంది.

పుట్టింది సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో. మీ ఇళ్ళలో బిడ్డ పుడితే బారసాల చేస్తారు, మాకు పరీక్ష పెడతారు. ఒక ఇనప వేలు వచ్చి నా మీటల్ని కొన్ని వేలసార్లు నొక్కి, ఇది పనికొస్తుంది అని తేల్చాకే అట్టపెట్టెలో పడుకోబెట్టారు. నన్ను మొదట కొన్నవాడు విజయవాడలో ఒక బ్యాంకు మేనేజరు. ఆటలాడితే మనసు కుదుటపడుతుందని ఎవరో చెప్పారట. ఓడినప్పుడల్లా నన్ను సోఫాకేసి కొట్టేవాడు. నాలుగు నెలలకు ఆయన బీపీ తగ్గకపోగా పెరిగింది, నన్నూ ఆటపెట్టెనూ కలిపి పాత సామాన్ల కొట్టులో అమ్మేశాడు. అక్కణ్ణించి నన్ను తెచ్చుకున్నవాడే జోజిబాబు.

జోజిబాబు ఆటోనగర్‌లో లారీల మీద అక్షరాలు రాసే పెయింటరు. తెలుగు అక్షరాన్ని గుండ్రంగా, ఒక్క ఊపులో చుట్టేయడంలో అతన్ని కొట్టినవాడు లేడని షెడ్డులో వాళ్ళే అనేవాళ్ళు. ఆ వేళ్ళు నా మీద పడగానే నాకు తెలిసిపోయింది, పనిమంతుడి చేతిలో పడ్డానని. గుద్దడం, పిసకడం ఏమీ లేదు. ఎంత కావాలో అంతే నొక్కేవాడు. మేనేజరుగారి దగ్గర నానా హింసలూ పడి వచ్చినదాన్ని కదా, అత్తారింటి నుంచి పుట్టింటికి వచ్చినట్టనిపించింది.

అతను ఒక్కడూ ఆడేవాడు కాదు. హైదరాబాదులో బాజీ, విశాఖపట్నంలో హైమ, ఇక్కడ ఇతను. ముగ్గురూ ఐటీఐలో కలిసి చదివారు. బాజీ లిఫ్టులు బాగుచేస్తాడు, హైమ ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, ఎవరి గొడవలో వాళ్ళు పడి, ఒకరి ముఖం ఒకరు చూసి ఏళ్ళు గడిచాయి. అయినా ఆదివారం పొద్దున పదింటికి మాత్రం ముగ్గురూ ఒకే అడవిలో ఉండేవాళ్ళు. జోజిబాబు చర్చిలో పూజ ముగించుకుని వచ్చి, చొక్కాకు చిన్న మైకు తగిలించుకుని, నన్ను చేతిలోకి తీసుకునేవాడు. మిగతా ఇద్దరి మాటలు టీవీలోంచి వినపడేవి. వంటింట్లో నిర్మల మసాలా నూరుతూ వాళ్ళ కబుర్లకు నవ్వుకునేది. నిర్మల అతని భార్య.

ఆట ఏమిటంటే మృగాల వేట. కొండంత బల్లులు, కొమ్ములున్న పాములు, మంచు గుహల్లో పొంచి ఉండే రాక్షసులు. వాటికి ఆటలో ఏవో నోరు తిరగని పేర్లుండేవి గానీ, వీళ్ళు మాత్రం ఐటీఐలో తమను ఏడిపించిన వాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. అందరికన్నా భయంకరమైన మంచుగుహ మృగం ప్రిన్సిపాల్. దాన్ని ముగ్గురూ ఒక్కసారీ చంపలేకపోయారు. నిజం చెప్పాలంటే వేట పావుగంట, కబుర్లు గంట. ఎవరి లిఫ్టులో ఏ పెళ్ళికొడుకు ఇరుక్కుపోయాడో బాజీ చెప్పేవాడు. హైమ అత్తగారి మీద చాడీలు చెప్పి, అందులో సగం తన తప్పేనని తనే ఒప్పుకునేది. చచ్చిన మృగం పడుంటే ముగ్గురూ దాని మీద కూర్చుని మాట్లాడుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

ఆ ఆటకు ఒక పాడు నియమం ఉంది. ముగ్గురికీ కలిపి మూడు ప్రాణాలే. ఎవరు పడ్డా ఆ మూడింట్లోంచే పోతుంది. మూడోసారి ఎవరు పడినా వేట ముగ్గురికీ పోయినట్టే. జోజిబాబుది డాలు పట్టే పని. మృగం నిప్పులో మంచో కక్కబోతుంటే అతను ముందుకొచ్చి డాలు ఎత్తాలి, మిగతా ఇద్దరూ వెనక దాక్కోవాలి. డాలు లేవాలంటే నా కుడి మీట అడుగంటా నొక్కి పట్టుకోవాలి. సగం నొక్కితే లేవదు.

నేను ఆ ఇంటికొచ్చిన మూడో ఏడు వానాకాలంలో ఆ వేలు సగం దాకా వచ్చి ఆగిపోవడం మొదలైంది. మొదట నేనే పట్టించుకోలేదు, వారమంతా బ్రష్షు పట్టి అలిసిపోయుంటాడులే అనుకున్నాను. తర్వాత చూపుడువేలికి తోడు మధ్యవేలు కూడా వచ్చింది. ఆపైన రెండు వేళ్ళూ కలిసినా చాల్లేదు. ఆ ఆదివారం డాలు లేవలేదు. బాజీ పడ్డాడు, హైమ పడింది, ఆఖర్న ఇతనూ పడ్డాడు. నిద్రపోతున్నావా అని హైమ నిలదీసింది. జోజిబాబు ఒక్క క్షణం నా వంక చూసి అన్నాడు:

“కంట్రోలర్ పోయిందే. కుడి బటన్ దిగట్లా.”

నా ఒళ్ళు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అనడం అంటే ఇదే. వేలసార్లు నొక్కించుకుని పరీక్ష నెగ్గినదాన్ని, మేనేజరుగారి సోఫా దెబ్బలకే చెక్కుచెదరనిదాన్ని, నా మీద నింద. నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని. నాకున్న భాషల్లా వణకడం ఒక్కటే, అది కూడా ఆట ఆజ్ఞాపిస్తేనే.

ఆ కోపం పదిహేను రోజుల్లో చల్లారింది. మొగుడూపెళ్ళాలిద్దరూ ఆసుపత్రి నుంచి వచ్చి ఆ గదిలోనే కూర్చున్నారు. చెప్పులు కూడా విప్పలేదు. వాళ్ళ మాటల్ని బట్టి నాకు అర్థమైంది ఇంతే: అది నరాల జబ్బు. ముందు చేతులు పోతాయి, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత ఎప్పటికో మాట. దానికి నయమయ్యే మందు లేదు. నిర్మల, బాజీ అన్నయ్యకీ హైమకీ చెప్పమంది. నువ్వు చెప్పకపోతే నేను చెప్తానంది. జోజిబాబు తల అడ్డంగా ఊపాడు.

“చెప్తే జాలిపడతారు నిర్మలా. వాళ్ళ దగ్గరన్నా నన్ను మామూలు మనిషిలా ఉండనీ.”

చెప్పనని ఆమె చేత ఒట్టేయించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ నింద నేను ఇష్టంగానే మోశాను. ప్రతి ఆదివారం అతను నన్ను తిట్టేవాడు. ముసలిదైపోయిందనేవాడు, లోపల స్ప్రింగు జారిందనేవాడు. తిడుతూనే నా మీద బొటనవేలితో నెమ్మదిగా రాసేవాడు. తిట్టుకోనీ, వాళ్ళ మధ్య అతని చోటు అతనికి ఉంటే చాలనుకున్నాను. మనుషుల మంచితనం ఎక్కడ దెబ్బకొడుతుందో నాకేం తెలుసు.

హైదరాబాదు నుంచి ఒక పార్సెల్ వచ్చింది. విప్పితే సరికొత్త కంట్రోలరు, నిగనిగలాడుతూ. బాజీ, హైమ కలిసి కొని పంపారు. లోపల చీటీ. నిర్మల పైకి చదివింది: “జోజీ, ఇక నీకు సాకు లేదు. ఆదివారం ప్రిన్సిపాల్ సంగతి తేల్చేద్దాం.” అభిమానంతో రాసిన చీటీ అది. జోజిబాబు నవ్వాడు. నవ్వి, దాన్ని మడిచి జేబులో పెట్టుకోబోతే వేళ్ళు సహకరించక చీటీ కింద పడింది. నిర్మల తీయబోతే వద్దన్నాడు.

ఆ ఆదివారం నన్ను టీపాయ్ మీద పెట్టి కొత్తదాన్ని పట్టుకున్నాడు. నేను అక్కణ్ణించి అంతా చూశాను. మంచుగుహ, ప్రిన్సిపాల్, ముగ్గురూ. మొదటి ప్రాణం పోయింది, రెండోదీ పోయింది, రెండూ డాలు లేవకపోవడం వల్లే. అప్పుడు బాజీ అన్నాడు, “రేయ్ జోజీ, నువ్వు డేరాలో కూచోరా. మేం చూసుకుంటాం. నువ్వు కబుర్లు చెప్తా ఉండు, అది చాలు.” ఆ ఆటలో డేరా ఉంటుంది, అందులో కూర్చున్నవాణ్ణి మృగం ముట్టుకోదు. బాజీ ఎంత మామూలుగా అన్నాడో నేను విన్నాను. జోజిబాబు మాత్రం డేరాలో కూచో అన్నంతవరకే విన్నాడు. ముఖం ఎర్రబడింది. కూర్చోలేదు. ఎదురెళ్ళాడు, పడ్డాడు, మూడో ప్రాణమూ పోయింది.

తర్వాత హైమ నవ్వుతూనే అడిగింది, “కొత్తది కూడా పోయిందా జోజీ?”

అతనూ నవ్వాడు. అవును, నా చేతిలో ఏది పడ్డా అంతే అన్నాడు. టీవీ ఆపి, చొక్కాకున్న మైకు తీయమని నిర్మలను పిలిచాడు. మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

తర్వాతి ఆదివారం నెట్ లేదన్నాడు, ఆ తర్వాత షెడ్డులో పనుందన్నాడు, ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. ముగ్గురి వాట్సాప్ గ్రూపులోంచి తప్పుకున్నాడు. వాళ్ళు కొన్నాళ్ళు ఫోన్లు చేశారు, నొచ్చుకున్నారు, మానేశారు. నిర్మల నన్నూ ఆ కొత్తదాన్నీ ఒక చెప్పుల డబ్బాలో పెట్టి టీవీ కింద తోసింది. అందులో కుక్కిన పేనులా పడి ఉన్నాను.

డబ్బా మూతకున్న సందులోంచి గది మొత్తం నాకు వినపడేది. నన్ను కోసేసింది ఏమిటంటే, ఆ చేతులు పూర్తిగా చచ్చుబడ్డాక కూడా అతని గొంతు శుభ్రంగా ఉంది. ఏడాదిన్నర పైన ఉంది. టీవీలో వార్తలు చదివేవాళ్ళను వెక్కిరించేవాడు. కీర్తనలు పాడేవాడు. బాజీ చెప్పిన లిఫ్టు పెళ్ళికొడుకు కథ నిర్మలకు మళ్ళీ మళ్ళీ చెప్పి తనే నవ్వేవాడు. ఆదివారం పదయ్యేసరికి మాత్రం నోరు మూసుకుని గోడ గడియారం వంక చూసేవాడట. నిర్మల ఫోన్ కలపనా అని అడిగేది, వద్దనేవాడు. మొండి ఘటం. వాళ్ళకు కావలసింది డాలు కాదని అతనికి ఎవరు చెప్తారు? తెలిసినదాన్ని నేనున్నాను, చెప్పలేను. చెప్పగలిగిన నిర్మల ఒట్టేసింది. అలా ఎనభై ఆదివారాలు పోయాయి. ఆ తర్వాత మాట ముద్దముద్దగా అయింది, ఈస్టర్ నాటికి పూర్తిగా పోయింది.

ఈ మధ్యనే బాజీ వచ్చాడు. బంధువుల పెళ్ళికి విజయవాడ వచ్చి, ఎలాగూ వచ్చాను కదా, వీణ్ణి కడిగిపారేసి పోదామని వచ్చాడు. గుమ్మంలోనే గొంతు పెంచి ఏంట్రా నీ పొగరు అన్నాడు. తర్వాత లోపలికి వచ్చి చక్రాల కుర్చీని చూశాడు. నిర్మల ఒట్టు సంగతి పక్కనపెట్టి అన్నీ చెప్పింది. బాజీ కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియని మనిషి చేతులు ఏదో ఒకటి వెతుక్కుంటాయి. టీవీ కింద డబ్బా కనిపించింది. నన్ను తీశాడు. లిఫ్టుల మెకానిక్కు కదా, టీవీ రిమోట్‌లోంచి రెండు సెల్సు ఊడదీసి నాకు వేశాడు. ఆట పెట్టాడు. జోజిబాబు కళ్ళు తెర మీద లేవు, నా మీదే ఉన్నాయి.

బాజీ కుడి మీట మీద వేలు పెట్టాడు. పుట్టిన దగ్గర్నుంచి నా మీట గురించి గర్వపడినదాన్ని, ఆ ఒక్కసారి అది ఇరుక్కుపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో. వెన్నలా దిగింది. తెర మీద డాలు లేచింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లేచింది. పదిసార్లు నొక్కాడు.

“ఇది బానే ఉందిగా రా,” అన్నాడు మెల్లగా.

జోజిబాబు కళ్ళు మూసుకున్నాడు. బాజీ మీట మీద వేలు తీయకుండానే రెండో చేత్తో హైమకు ఫోన్ చేశాడు. జోజి దగ్గరున్నా, ఫోను వాడి చెవి దగ్గర పెడుతున్నా అన్నాడు. జబ్బు సంగతి చెప్పబోయాడు గానీ హైమ ఆగలేదు. ఎన్నాళ్ళుగా నోట్లో పెట్టుకునుందో.

“జోజీ, ఆ రోజు నేనన్నది నవ్వులాటకే. నువ్వలా నొచ్చుకుంటావనుకోలా. ముందు నువ్వే ఫోన్ చేస్తావులే అని నేను బిగుసుకు కూర్చున్నా, తప్పు నాదే. నువ్వు మానేశాక మేమూ ఆడలేదు, ఆ ఆట ముఖమే చూళ్ళేదు. ఎన్ని తిట్లయినా తిట్టు, పడతా. ఏదో ఒకటి మాట్లాడు.”

జోజిబాబు పెదవులు కదిలాయి. గొంతులోంచి ఒక మూలుగు లాంటిది వచ్చింది. అతని మాట ఏ స్థితిలో ఉందో తెలిసిన నిర్మల ముఖం తిప్పుకుంది. బాజీ తల దించుకున్నాడు, తెర మీద డాలు అలా ఎత్తే ఉంది.

“సరిగ్గా వినపడలా జోజీ,” అంది హైమ. ఆమె గొంతులో సంతోషం నాకు స్పష్టంగా వినపడింది. “ఇంకోసారి అను.”

జోజిబాబు ఊపిరంతా కూడగట్టుకుని ఇంకోసారి అన్నాడు.