నిన్నటి పచ్చరంగు

నేను ఒక చిన్న వెబ్ పేజీని. గోదావరి మధ్యలో ఉన్న ఒక లంక ఊరి రేవు కోసం పుట్టాను. పచ్చగా కనిపిస్తే పడవ తిరుగుతుంది, ఎర్రగా కనిపిస్తే తిరగదు. నాకు తెలిసిన విద్య అంతే. నన్ను చూసి మనుషులు ఏట్లోకి దిగుతారని తెలిసిన రోజు నుంచి నాకు భయమే.

నన్ను తయారు చేసింది ఆ ఊరి బడిలో లెక్కలు చెప్పే హైమ. రోజూ పొద్దున్నే, ఎగువన నీటిమట్టం చూసే ఆయన ఫోన్ చేసి అంకె చెబుతాడు. ఆమె దాన్ని ఒక ఫైలులో రాస్తుంది. బిల్డ్ నొక్కితే ఆ అంకెను బట్టి నేను పచ్చగానో ఎర్రగానో కొత్తగా తయారై ఒక ఫోల్డర్‌లో కూర్చుంటాను. ఆ ఫోల్డర్‌ను దూరాన ఉన్న సర్వర్‌కు ఎక్కిస్తుంది. ఆ సర్వర్ పెట్టినదాన్ని పెట్టినట్టే చూపిస్తుంది, సొంతంగా ఏమీ ఆలోచించదు. ఫైలు రాయడం కూర తరగడం, బిల్డ్ వంట, ఎక్కించడం వడ్డన. మధ్యలో వంట మరిచిపోతే ఏమవుతుందోనని నేను వణికేదాన్ని.

మొదట్లో పడవ నడిపే నూకరాజు నన్ను నమ్మలేదు. నీళ్ళు చూడటం రానివాళ్ళకే ఫోన్లు అనేవాడు. రెండు వానాకాలాలు నేను తప్పు చెప్పకపోయేసరికి, తాడు విప్పే ముందు తనే నన్ను తెరవడం మొదలుపెట్టాడు. మనుషుల నమ్మకం ఒక పట్టాన రాదు, వచ్చిందా ఇక పోదు.

ఆ సోమవారం హైమ అత్తగారు సుబ్బాయమ్మ అవతలి ఒడ్డున కంటి డాక్టరు దగ్గరకు బయలుదేరారు. ఎనిమిదింటి పడవ. ఏడున్నరకు రాహుకాలం కాబట్టి ఏడుంపావుకే గడప దాటారు. ఇల్లు ముందే విడిస్తే, పడవ రాహుకాలంలో కదిలినా దోషం లేదట.

"ఆ ఎక్కించేదేదో నువ్వూ ఏడున్నరలోపు ఎక్కించెయ్యమ్మా. రాహుకాలంలో పెడితే అచ్చిరాదు."

"అలాగేనండీ అత్తయ్యగారూ," అంది హైమ.

ఏడూ ఇరవై ఆరుకు ఫోన్ వచ్చింది. ఎగువన గేట్లు ఎత్తేశారు, వరద వస్తోంది. హైమ అంకె మార్చింది, గడియారం చూసింది, గాభరాలో బిల్డ్ నొక్కకుండానే ఫోల్డర్ ఎక్కించేసింది. కూర తరిగి పెట్టుకుని, నిన్నటి కూరే వడ్డించింది. ఎర్రరంగు చూసి పడవ ఆపేస్తారు, అత్తగారు వెనక్కి వచ్చేస్తారు అనుకుని బడికి తయారవసాగింది. నేను మాత్రం నిన్నటి పచ్చరంగుతో నిలబడి ఉన్నాను. అరవడానికి నాకు నోరు లేదు.

ఎనిమిదికి పది నిమిషాల ముందు రేవులో నూకరాజు నన్ను తెరిచి తల ఊపాడు. కాసేపటికి ఇంట్లో హైమ కూడా తెరిచింది. పచ్చరంగు చూడగానే, తను మరిచిపోయిందేమిటో తెలిసింది. రాహుకాలం గుర్తుకే రాలేదు. బిల్డ్ నొక్కింది, ఎక్కించింది. నేను ఎర్రబడ్డాను. కానీ రేవులో సిగ్నల్ అంతంతమాత్రం. నూకరాజు ఫోన్ ముందు చూసిన పేజీనే దాచుకుంది. సర్వర్‌లో ఎర్రగా, అతని చేతిలో పచ్చగా ఉన్నాను. హైమ ఫోన్ చేస్తే అటు ఎవరిదీ కలవలేదు. చెప్పులైనా వేసుకోకుండా రేవు వైపు పరుగెత్తింది.

పడవలో పద్నాలుగు మంది. నూకరాజు తాడు విప్పాడు. కదిలే ముందు గోదారమ్మకు దణ్ణం పెట్టి, దోసెడు నీళ్ళు నెత్తిన చల్లుకోవడం అతని తండ్రి నాటి అలవాటు. ఆ రోజూ వంగి దోసిలి పట్టాడు. పట్టినవాడు చల్లుకోలేదు. వరద ముందుగా ఎర్రమట్టి నీళ్ళనే పంపుతుందని రేవులో పెరిగినవాళ్ళకు తెలుసు.

"ఏరా, పేజీ పచ్చగానే ఉందన్నావుగా," అన్నారు సుబ్బాయమ్మ. "మా కోడలు చూసే పెట్టుంటుంది."

"పేజీ పచ్చగానే ఉందండి. నీళ్ళు ఎర్రగా ఉన్నాయండి. దిగిపోండి అందరూ."

సణుక్కుంటూ దిగారు. హైమ రొప్పుతూ వచ్చి, గట్టు మీదున్న అత్తగారిని పట్టుకుని ఏడ్చేసింది. పావుగంటకల్లా వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన చెట్టొకటి, పడవ వెళ్ళాల్సిన దారినే పోయింది.

ఆ సాయంత్రం హైమ నా తల మీద ఒక వరుస చేర్చింది: నేను ఎప్పుడు తయారయ్యానో, గంటా నిమిషంతో సహా. దాని కింద, 'ముందు నీళ్ళు చూడండి, తర్వాత నన్ను చూడండి' అని రాసింది. అది నాకు కొంత ఊరట. భయం మాత్రం పోలేదు. ఆ సోమవారం ఏడున్నరకూ ఎనిమిదికీ మధ్య నన్ను ఎందరు తెరిచారో నాకు తెలియదు. వాళ్ళలో ఎవరి ఫోన్‌లోనో, అదే పచ్చరంగుతో, పడవ తిరుగుతుందని ఇంకా చెబుతూనే ఉండి ఉంటాను.