మగ్గం గుంతలో బుట్టోడు

మా బావ గోవిందరాజులుకు తెలియని విద్య ఈ భూమ్మీద లేదు. పెనుకొండలో స్థలాలు అమ్మిపెట్టే బ్రోకరు ఆయన. మగ్గం వదిలి ఇరవై ఏళ్ళయింది కానీ ధర్మవరంలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా చీర అంచు చేత్తో తడిమి తప్పు చెబుతాడు. జ్వరానికి మందు చెబుతాడు, కోర్టు కేసుకు తీర్పు చెబుతాడు, నేను చేసిన పప్పులో ఉప్పెంత తక్కువో చెబుతాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. అందుకని ఇన్నేళ్ళూ ఆయన ముందర కాఫీ గ్లాసు పెట్టి, వంటింట్లోకి వెళ్ళి పళ్ళు నూరుకునేదాన్ని.

ఆ సోమవారం ఆయన వచ్చేసరికి మా బుట్టోడు, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలోంచి పైకి రావడానికి అవస్థ పడుతున్నాడు. బుట్టోడంటే మా కుక్క. నల్లటి ఒంటి మీద తెల్లటి మచ్చలు, చీర మీద బుట్టాలు వేసినట్టు ఉంటాయని ఆ పేరు పెట్టాం. పదమూడేళ్ళవాడు. ముందుకాళ్ళు గట్టు మీద వేశాడు, వెనక కాళ్ళు రాలేదు. మా ఆయన కుమారస్వామి వాడి పొట్ట కింద చేతులు పెట్టి ఎత్తి పైకి చేర్చాడు. పైకొచ్చాక కూడా నాలుగడుగులు కర్రకాళ్ళ మీద నడిచినట్టు నడిచి, ఎలా కూర్చోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

"కీళ్ళు పట్టేసినాయిరా దీనికి," అన్నాడు బావ. "మందులూ మాకులూ పని చెయ్యవు. రెండు తొడల మీదా మూడేసి వాతలు ఏయిస్తే లేచి పరిగెత్తుతాది. మన నాయన ఎద్దుకు అట్లే గదా ఏయించినాడు."

"ఆ ఎద్దు నెల తిరక్కముందే సచ్చిపాయ గదా బావా," అన్నాను.

"అది వయసైపోయి సచ్చింది."

"వీడికి మాత్రం పడుచుదనం వచ్చిందా?"

బావ నా వైపు చూడను కూడా చూడలేదు. ఆడమనిషి మాటకు రెండోసారి జవాబు చెబితే ఆయన కిరీటం కింద పడుతుంది. "ఓబులదేవరచెరువులో జయరాముడని ఉండాడు. మంచి హస్తవాసి. ఆదివారం పిల్చుకోనొస్తా. మూతికి గుడ్డ కట్టి పెట్టండి, అరవకుండా," అన్నాడు తమ్ముడితో.

"సరే అన్నా," అన్నాడు మా ఆయన.

ఈ 'సరే అన్నా' తప్ప ఇంకో మాట ఆ నోట నేను వినలేదు. నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళన్న ఇల్లు పంచినప్పుడు వీధి వైపు గది తీసుకుంటానంటే సరే అన్నా, నా బిడ్డకు పేరు తాను పెడతానంటే సరే అన్నా. గంగిరెద్దు అయినా ఒక్కోసారి తల అడ్డంగా ఊపుతుంది. పైగా బద్ధకం. పొద్దున గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే అన్నానికి లెమ్మని మూడుసార్లు పిలవాలి. లేచేటప్పుడు రెండు చేతులూ నేలకు ఆనించి, అక్కడే ఒక నిమిషం ఆలోచిస్తాడు. "మహారాజు లేస్తాండాడు, బాజాలు పిలిపించాల్నా?" అనేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

బుట్టోడు కుక్కపిల్లగా వచ్చిన రోజు నుంచీ పడక ఆ గుంతలోనే. మగ్గం తొక్కుడుచెక్కల పక్కన, ఈయన పాదాల మీద తల పెట్టి పడుకుంటాడు. టకటకమని మగ్గం ఆడుతుంటే వాడికి నిద్ర, ఆగితే మెలకువ. అలాంటివాణ్ణి పట్టుకుని కాల్చిన ఇనుము తొడకు ఆనిస్తారట! థూ, వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది అనుకున్నాను.

మా ఊరి పశువుల డాక్టరు ఆ వారం సెలవులో ఉన్నాడు. హిందూపురంలో కుక్కలను చూసే లేడీ డాక్టరు ఒకామె ఉందని మా వీధిలో ట్రాలీ ఆటో నడిపే డేవిడ్ చెప్పాడు. బుధవారం వాడికి ఎలాగూ హిందూపురానికి లోడు ఉంది. బస్తాల మధ్య బొంత పరిచి బుట్టోణ్ణి పడుకోబెట్టి, నేను వాడి పక్కనే కూర్చున్నాను. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. బావను తిట్టాను. మా ఆయన్ని తిట్టాను. రెండు గోతులు తప్పించలేకపోయిన డేవిడ్‌ను తిట్టాను. పెనుకొండ దగ్గర టీకి ఆపితే ఎదురుగా మా బావే! తెల్ల చొక్కా, చంకలో తోలు సంచి.

"కుక్కకు హిందూపురంలో డాక్టరా?" అని అంగడి ముందరున్న నలుగురికీ వినబడేటట్టు నవ్వాడు. "మనుషులకే దిక్కులేదు, ఈయమ్మ కుక్కను ఊరేగిస్తాంది. సరే, తిరిగొచ్చినాక ఎట్లాగూ ఆదివారం నేనొస్తా గదా."

"పద్మక్కా, టీ తాగు, సల్లారిపోతాంది," అన్నాడు డేవిడ్ భయంభయంగా. నేను తాగలేదు.

డాక్టరు పేరు వైష్ణవి. చిన్నపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. ఈమెకేం తెలుస్తుంది అనుకున్నాను ముందు. నిజం చెప్పొద్దూ, నాకు ఎవరినైనా మొదట తక్కువగా చూడటం అలవాటు. కానీ ఆమె నేల మీద కూర్చుని, బుట్టోడి కాళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసింది. వాడు కుయ్యిమన్న చోట ఆగింది.

"రోజూ ఎక్కడ పడుకుంటాడమ్మా?" అని అడిగింది.

"వాడికేం మేడమ్, మగ్గం గుంతలో సల్లగా పండుకుంటాడు. మాకే లేదు ఆ భోగం. ఎండాకాలం గూడా ఆడ తడి ఆరనియ్యను నేను."

"తడి ఏంటమ్మా?"

ఈ పిల్లకు మగ్గం సంగతి తెలియదని జాలిపడి చెప్పాను. మా సీమ గాలికి పట్టుపోగు ఎండిపోయి పుటుక్కున తెగుతుంది. గుంతలో నేల తడిగా ఉంటే ఆ చెమ్మకు పోగు మెత్తబడి తెగదు. అందుకని పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు గుంతలో చల్లుతాను. పెళ్ళై వచ్చిన మర్నాటి నుంచీ ఒక్కరోజు మానలేదు. మా వీధిలో నా మొగుడి మగ్గం మీద తెగినంత తక్కువగా పోగులు ఎవరి మగ్గం మీదా తెగవు. ఇదంతా గొప్పగానే చెప్పాను.

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. "అయితే పదమూడేళ్ళుగా వీడు తడి నేల మీద పడుకుంటున్నాడా?"

అవునన్నట్టు తల ఊపాను.

"వయసుతో వచ్చే నొప్పే ఇది. పూర్తిగా పోదు," అంది ఆమె. "కానీ చల్లటి తడి నేల దాన్ని ఇంకా పెంచుతుంది. ముందు అక్కణ్ణుంచి లేపండి. పొడిగా, మందంగా పక్క వేయండి. ఎక్కడానికి దిగడానికి మెట్టు వద్దు, ఏటవాలుగా చెక్క వేయండి. వెచ్చటి కాపడం పెట్టండి, మరీ వేడి వద్దు. రోజుకు రెండుసార్లు కొంచెం కొంచెం నడిపించండి. ఒళ్ళు కూడా ఎక్కువైంది, అన్నం తగ్గించండి. ఈ మాత్రలు వాడి బరువును బట్టి ఇస్తున్నాను. మీరు వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం చచ్చినా వెయ్యకండి, కడుపులో నెత్తురు పడుతుంది."

"వాతలు ఏయిస్తే తగ్గుతాదంటాండారు మేడమ్..."

"కాల్చిన పుండు బాధకు కాలి నొప్పి కాసేపు మరిచిపోతాడు. అంతేనమ్మా. పుండు మానేలోపు చీము పడితే ఈ వయసులో తట్టుకోలేడు."

తిరిగొచ్చేటప్పుడు డేవిడ్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. "ఏం పద్మక్కా, పోయేటప్పుడు ఊరందర్నీ తిట్టినావు. ఇప్పుడు సప్పుడే లేదే?" అన్నాడు. బుట్టోడి తల నా ఒడిలో ఉంది. ఎవరిని తిట్టను? ఆ చెంబు పట్టుకున్న చెయ్యి నాదే.

ఇంటికి రాగానే మా ఆయనతో చెప్పాను, ఇక గుంతలో నీళ్ళు చల్లేది లేదని.

"పోగు తెగుతాది గదా," అన్నాడు.

"తెగితే అతుక్కో."

మగ్గం పక్కన గట్టు మీద చెక్క వేసి, దాని మీద గోనెసంచులు, పాత బొంత పరిచాం. బుట్టోడికి అది నచ్చలేదు. గుంత అంచుకు వచ్చి కిందికి చూసి ఏడ్చాడు. మా ఆయన తొక్కుడుచెక్క మీంచి ఒక కాలు తీసి గట్టు మీద పెడితే, దాని మీద తల పెట్టి పడుకున్నాడు. ఇసక వేయించి గుడ్డలో మూటకట్టి, నా ముంజేతికి ఆనించి చూసుకుని వాడి తొడలకు కాపడం పెట్టాను. నేతలో గంటకు నాలుగు పోగులు తెగాయి. ఒంటి కాలితో తొక్కుతూ, తెగిన పోగు తెగినట్టు ముడివేస్తూ కూర్చున్నాడు ఆయన.

శుక్రవారానికి బుట్టోడు గడప దాకా నడిచాడు. శనివారం వీధి కుళాయి దాకా వెళ్ళి, అక్కడున్న కుర్రకుక్కను ఒక అరుపు అరిచి వచ్చాడు. పొద్దున లేచేటప్పుడు బిగుసుకునే ఉంటున్నాడు కానీ, ఎవరూ ఎత్తకుండా లేస్తున్నాడు.

"మీ అన్నకు ఫోను చేసి రావద్దని చెప్పు," అన్నాను మా ఆయనతో.

ఫోను చేశాడు. నేను పక్కనే నిలబడ్డాను. "అన్నా, బాగుండావా... ఆ... ఆ... సరే అన్నా," అని పెట్టేశాడు.

"ఏం చెప్పినావు?"

"రేపు పొద్దున్నే బయల్దేరతాడంట."

నుదురు కొట్టుకున్నాను. నీలాంటివాణ్ణి కట్టుకున్నందుకు నాకే వాతలు పెట్టాలని అరిచాను. ఇంకా చాలా అన్నాను. బుట్టోడి కాళ్ళు పోతే ఆ ఉసురు నీకే తగులుతుంది అన్నాను. ఆయన పోగులు అతుక్కుంటూ కూర్చున్నాడు.

ఆదివారం ఎనిమిదింటికే బావ దిగాడు, వెనకాల జయరాముడు. జయరాముడు ముసలాయన, మెత్తటి మనిషి. చెడ్డవాడిలా లేడు, అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. ముంగిట్లో కొబ్బరి చిప్పలు రాజేసి, అందులో ఇనుప చువ్వ పెట్టాడు. బుట్టోడు ఆయన చేతులు వాసన చూసి తోక ఊపాడు.

నేను వాణ్ణి లోపలికి తోలి, గడపకు అడ్డంగా నిలబడ్డాను. "బావా, వాడు నడుస్తాండాడు. నిన్న కుళాయి దాకా పోయొచ్చినాడు. వాతలు వద్దు."

"మాత్రల మత్తులో నడుస్తాంది. అయిపోతే మళ్ళా పడుకుంటాది," అన్నాడు బావ. ఇంట్లోకి తొంగిచూసి గొంతు పెంచాడు. "ఏమప్పా కుమారస్వామీ! ఇంట్లో మగోనివి నువ్వా, నీ పెండ్లామా? కుక్కను పట్టుకోరా!"

మగ్గం ఆగింది.

మా ఆయన రెండు చేతులూ నేలకు ఆనించాడు. అలాగే ఒక నిమిషం ఉన్నాడు. తర్వాత ఒక మోకాలు గట్టు మీద పెట్టి, పళ్ళు బిగించి, రెండోది లాక్కున్నాడు. గోడ పట్టుకుని నడిచి, నన్ను దాటి ముంగిట్లోకి వచ్చాడు. సరే అన్నా అంటాడని ఎదురుచూశాను. అంటే మాత్రం ఈ ఇంట్లో ఇక ఉండకూడదని నిజంగానే అనుకున్నాను.

ఆయన నిప్పుల పక్కన కూలబడి, లుంగీ తొడ దాకా మడిచి, కాలు చాపాడు. మోకాలు కుండలా వాచి ఉంది.

"జయరామన్నా, ముందు నాకెయ్," అన్నాడు.

"ఏందప్పా నువ్వు చెప్పేది?" అన్నాడు జయరాముడు.

"నాకూ కీళ్ళు పట్టేసినాయి. వాడూ నేనూ కూర్చుండేది ఒకే గుంత, ఒకే తడి. వాతలకు వానికి తగ్గేదుంటే నాకూ తగ్గల్ల గదా. ముందు నాకెయ్. తగ్గితే వానికి ఏయించుకుందాం."

"కాల్తాదప్పా," అన్నాడు జయరాముడు.

"వానికి కాలదా?"

జయరాముడు చువ్వ నిప్పుల్లోంచి తీయలేదు. మా బావ వైపు చూశాడు. బావ మొహం చూడాలి, కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "నీకేమన్నా మతి పోయిందారా? మనిషికి వాతలేందిరా? పోయి ఆసుపత్రిలో చూపించుకో!"

"వాన్నీ చూపించినాం అన్నా," అన్నాడు మా ఆయన. గొంతు పెంచలేదు. "ఇంక పో అన్నా నువ్వు."

జయరాముడు చెంబెడు నీళ్ళడిగి నిప్పుల మీద పోసి, చువ్వ సంచిలో వేసుకుని, "మీ తమ్ముడు చెప్పింది నిజమే అయ్యుంటాదిలే," అంటూ బావ కంటే ముందే వీధి మలుపు తిరిగాడు. బావ కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. బుట్టోడు మెల్లగా మెట్టు పక్కన ఏటవాలుగా వేసిన చెక్క మీదుగా దిగివచ్చి, ఆ వాచిన మోకాలి మీద తల పెట్టాడు.

నేను ఆ కాలినే చూస్తున్నాను. కుక్క కాళ్ళు చూపించడానికి హిందూపురం దాకా పోయాను. ఈ కాళ్ళను ఇంట్లో ఉండి చూడలేదు.

"ఎన్నేండ్లాయె?" అని అడిగాను.

"బుట్టోడు రాకముందు నుంచే."

"చెప్పేదానికి నోరు లేదా నీకు?"

"చెప్తే తిడతావని చెప్పలే."

తిట్టాను. ముంగిట్లోనే కూలబడి, ఏడుస్తూ, వీధి వీధంతా వినేటట్టు తిట్టాను. ఈసారి ఆయన్ని కాదు, నన్నే.