మసక చుక్కలకు సాక్ష్యం

మా నాయన జడ్సన్ గారికి సంతోషం వస్తే కడుపులో దాచుకోవడం చేతకాదు. ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే లేచి, మైకు పట్టుకుని, "మా ఏంజెలిన్ ఆకాశంలో ఎవురూ చూడని నక్షత్రాల గుంపు కనిపెట్టింది. దేవునికి స్తోత్రం" అని చెప్పేశాడు. చర్చి మొత్తం స్తోత్రం అంది. ఇంకా పేపరు జర్నల్‌కు పంపనే లేదు. ఆడవాళ్ల వరసలో తలవంచుకుని కూర్చున్నాను. సిగ్గు సగం, గర్వం సగం. గర్వమే కాస్త ఎక్కువ, అబద్ధమెందుకు.

బయట చెప్పుల దగ్గర అబిగయీలు అవ్వ నా చెయ్యి పట్టుకుని, శ్రీహరికోటలో ఉద్యోగం ఎప్పుడొచ్చిందని అడిగింది. మా వైపు ఆకాశం మాటెత్తితే రాకెట్టే. నేను గూడూరు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటూ ఆరేళ్లుగా పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్నానని వివరించే ఓపిక లేక నవ్వి ఊరుకున్నాను.

మన పాలపుంత నడిమి భాగానికి అడ్డంగా ధూళి ఉంది. మామూలు వెలుగు దాన్ని దాటి రాలేదు. పరారుణ కాంతి చాలావరకు దాటి వస్తుంది. ఎక్కడో కొండల మీది టెలిస్కోపులు ఆ కాంతిలో ఆకాశాన్ని చిత్రాలు తీసి, ఆ వివరాలు అడిగినవాళ్లందరికీ ఇస్తాయి. ఆ చిత్రాల్లో ఒక రకం నక్షత్రాలన్నీ దాదాపు ఒకే వెలుగుతో ఉంటాయి. ఏది ఎంత మసకగా కనిపిస్తే అది అంత దూరం. అలా దూరాలు కట్టి పటం వేయడమే నా పని. ఆ పటంలో కేంద్రానికి అవతల ఒక గుంపు తేలింది. ఈ ఏడాది థీసిస్ ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, అందుకని ఆశంతా ఆ గుంపు మీదే పెట్టుకున్నాను. మర్నాడు తిరుపతిలో ఉండే మా గైడు పద్మనాభయ్య గారు పేపరు పంపాలి.

మధ్యాహ్నం అన్నం తింటూ నాయన అడిగాడు.

"అది దూరంగా ఉండాదని నీకెట్ల తెలిసింది పాపా?"

"అన్నీ ఒకే రకం దీపాలనుకో నాయనా. మసగ్గా ఉండేది దూరం."

ముప్పై ఏళ్లు రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసిన మనిషి. అన్నం కలపడం ఆపాడు.

"దొరవారిసత్రం టేసను కాడ మంచు పడితే దగ్గర సిగ్నలు గూడా మసగ్గానే ఉంటాది గదా. కొత్త డ్రైవర్లు దూరమనుకోని మోసపోతారు."

"ఆ ధూళికి లెక్క కట్టి తీసేసినాను. నాకా మాత్రం తెలీదా?"

"అంతటికీ ఒకటే లెక్కా? సత్రం కాడ మంచుంటే పక్కనుండే నాయుడుపేటలో ఎండ కాస్తుంటాది."

నాకు ఒళ్లు మండింది. "సిగ్నళ్లూ నక్షత్రాలూ ఒకటేనా? మాట్లాడకుండా తిను" అని కసిరి, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లిపోయాను.

వెళ్లానే గానీ మనసు కుదుట పడలేదు. నేను వాడిన ధూళి పటం ముతకది. నేను చూసిన ఆకాశపు ముక్క మొత్తానికీ అందులో ఒకే గడి, ఒకే అంకె. ఆ ముక్కను తూర్పు సగం, పడమటి సగం అని విడదీసి మళ్లీ లెక్క వేశాను. మసక చుక్కలన్నీ తూర్పు సగంలోనే ఉన్నాయి. పైగా మిగతావాటికంటే ఎర్రగా ఉన్నాయి. దూరం నక్షత్రాన్ని మసకబారుస్తుందే గానీ ఎర్రగా చేయదు. అది ధూళి చేసే పని. అక్కడ గుంపూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మామూలు నక్షత్రాల ముందు ధూళి దట్టంగా ఉంది, అంతే.

ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది అనిపించింది ఒక క్షణం. అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. పద్మనాభయ్య గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పేపరు ఆపేద్దాం. సన్న గళ్లతో ధూళి పటం నువ్వే కొత్తగా వెయ్యాలి. గడువు పెంచమని నేను రాస్తాను. ఇస్తారో లేదో మాత్రం చెప్పలేనమ్మా" అన్నారు.

నాయనకు చెబితే తల ఊపాడు. వారమంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. నలుగురిలో పరువు పోయిందని నా మీద కోపం కాబోలు అనుకున్నాను.

ఆదివారం సాక్ష్యాల సమయంలో మళ్లీ లేచాడు.

"పోయిన వారం నేను చెప్పిన సాక్ష్యం తప్పు. ఆ గుంపు లేదు" అన్నాడు. "నేను నోరు మూసుకోని ఉండలేక ఒక మాట అడిగినాను. ఆ మాటతో నా బిడ్డ ఆరేళ్ల కష్టం పోయింది. నా కోసరం ప్రార్థన చేయండి."

వారం రోజులుగా ఈయన మోస్తున్నది కోపం కాదు, నా కష్టం పోగొట్టానన్న బాధ! నేను లేచి వెళ్లి మైకు తీసుకున్నాను.

"ఈయన అడక్కపోయుంటే లేని నక్షత్రాలు నా పేరుతో అచ్చయ్యేవి. ఇంత చదువుకున్న నాకే తోచలేదు, ఈయన అన్నం తింటా అడిగినాడు. నేను కసురుకున్నాను. నన్ను క్షమించమని మీ అందరి ముందర మా నాయన్ని అడుగుతుండాను. నా సాక్ష్యం ఇదే."

నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు ఏడుపు ఆగలేదు. పాస్టరు గారు తర్వాతి కీర్తన నంబరు చెప్పేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.